రోట్‌బ్లాట్ వెళ్లిపోయారు సరే, బాంబు ఆగిందా?

ప్రశ్న: మేడమ్, నాకు 28 ఏళ్లు. న్యూట్రాన్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేశాను. ఒక పెద్ద పరిశోధనా సంస్థ నుంచి ఉద్యోగం వచ్చింది. అక్కడి పనిలో కొంత రియాక్టర్లకు, కొంత అణ్వాయుధాలకు వెళ్తుందని ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. మా గైడ్ "నువ్వు కాకపోతే ఇంకొకరు చేస్తారు, లెక్కలకు పాపం పుణ్యం ఉండవు" అంటున్నారు. దేశానికి పనికొచ్చే ఉద్యోగమని నాన్న ఇప్పటికే అందరికీ చెప్పేసుకున్నారు. తమ్ముడి చదువు ఇంకా పూర్తి కాలేదు, ఇంట్లో డబ్బు అవసరం ఉంది. ఈ మధ్య జోసెఫ్ రోట్‌బ్లాట్ గురించి చదివాను. అమెరికా అణుబాంబు ప్రాజెక్టు నుంచి మనస్సాక్షి కోసం బయటికి వచ్చిన శాస్త్రవేత్త ఆయన. చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. కానీ ఆయన వెళ్లిపోయినా బాంబు ఆగలేదు కదా? మరి ఏం ఒరిగింది? తన మనశ్శాంతి కోసం చేసుకున్న పని తప్ప అందులో ఇంకేమైనా ఉందా? నేనేం చేయాలి?

సమాధానం:

అమ్మా,

మీ ప్రశ్నకు ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. బాంబు ఆగలేదు. ఆ ప్రాజెక్టు ప్రయోగశాల ఉన్న లాస్ అలమోస్ వదిలి, రోట్‌బ్లాట్ బ్రిటన్‌కు ఓడ ఎక్కింది 1944 డిసెంబరు 24న. ఏడు నెలలు తిరక్కుండానే, 1945 జులై 16న, న్యూమెక్సికో ఎడారిలో మొదటి బాంబును పేల్చి చూశారు. ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద వేశారు. ఆ ఏడాది చివరికల్లా రెండు నగరాల్లో కలిపి సుమారు రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. ఆయన లేనందుకు ఆ ప్రాజెక్టు ఒక్క రోజు కూడా వెనకబడలేదనే అనుకోవాలి. ఆ మేరకు మీ గైడ్ మాట నిజమే.

అయినా ఆ మాటతో విషయం తేలిపోదు. మీరు ఆయన వెళ్లిపోయిన రోజు దగ్గరే ఆగిపోయారు. అసలు అక్కడికి ఎందుకు వచ్చారో, వెళ్లాక ఏం చేశారో కూడా చూస్తే మీ ప్రశ్న మరోలా కనిపిస్తుంది. అందుకే ఆ కథ కొంచెం వివరంగా చెప్తాను.

రోట్‌బ్లాట్ 1908లో వార్సాలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుటుంబ వ్యాపారం దెబ్బతింది. కరెంటు పనులు చేసుకుంటూ చదువుకుని, ఫిజిక్స్‌లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. యురేనియం కేంద్రకం చీలుతుందన్న సంగతి 1938 డిసెంబరులో జర్మనీలో ఓటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ చేసిన ప్రయోగంతో బయటపడింది. అక్కడ జరిగిందేమిటో లీజ్ మైట్నర్, ఓటో ఫ్రిష్ విడమరిచి చెప్పారు. 1939 మొదట్లో రోట్‌బ్లాట్ వార్సాలో తన దగ్గరున్న కొద్దిపాటి పరికరాలతోనే ప్రయోగం చేసి, ఆ చీలికలో కొత్త న్యూట్రాన్లు బయటికి వస్తున్నాయని చూశారు. తర్వాతి మెట్టు ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక చీలిక ఇంకొన్ని చీలికలను రేపే గొలుసు చర్య సాధ్యం, అది క్షణంలో అతి చిన్న వంతులో జరిగితే పేలుడు కూడా సాధ్యం. ఆ ఆలోచన వచ్చీ రాగానే ఆయన దాన్ని పక్కకు నెట్టేశారు. ప్రాణాంతకమైన జబ్బు తొలి లక్షణం కనిపించినా చూడనట్టు ఉండిపోయే మనిషిలా ఉన్నానని తర్వాత రాసుకున్నారు.

అదే ఏడాది లివర్‌పూల్ వెళ్లి, న్యూట్రాన్‌ను కనిపెట్టిన జేమ్స్ చాడ్విక్ దగ్గర చేరారు. ఆగస్టులో భార్య తోలాను తీసుకెళ్దామని వార్సా వచ్చారు. ఆమెకు అపెండిసైటిస్. ప్రయాణం చేయలేని స్థితి. కోలుకున్నాక వస్తుందిలే అనుకుని ఒక్కరే తిరిగి వెళ్లారు. కొద్ది రోజులకే, సెప్టెంబరు 1న, హిట్లర్ సైన్యం పోలెండ్ మీద విరుచుకుపడింది. ఆమెను బయటికి రప్పించడానికి చేసిన ప్రయత్నాలేవీ ఫలించలేదు. నాజీల మారణకాండలో ఆమె ప్రాణం పోయింది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

అలాంటి మనిషి బాంబు పనిలోకి రావడానికి కారణం ఒక్కటే. బాంబు ముందు హిట్లర్ చేతికి వస్తే ఇక అతన్ని ఆపేవాళ్లు ఉండరు, మన దగ్గర కూడా ఉంటే వాడటానికి జంకుతాడు అన్న ఆలోచన. ఎవరి మీదా వేయడానికి కాదు, వేయకుండా ఆపడానికి. ఆ ఆలోచనలో కూడా లోపముందని ఆయన తర్వాత ఒప్పుకున్నారు. బెర్లిన్ బంకర్‌లో ఓటమి అంచున కూర్చున్న హిట్లర్ ఎదుటివాళ్ల బాంబుకు భయపడి వెనక్కి తగ్గేవాడు కాదని రాశారు.

1944 మొదట్లో లాస్ అలమోస్ చేరారు. బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నవాళ్లనే రానిస్తామన్నారు. యుద్ధం అయ్యాక పోలెండ్ తిరిగి వెళ్లాలని ఉంది, నేను తీసుకోను అన్నారాయన. చాడ్విక్ మాట్లాడి మినహాయింపు ఇప్పించారు. ఆ మార్చిలో చాడ్విక్ ఇంట్లో భోజనాల దగ్గర, ప్రాజెక్టుకు సైనిక అధిపతి అయిన జనరల్ లెస్లీ గ్రోవ్స్ ఒక మాట అన్నారట. ఈ ప్రాజెక్టు అసలు ఉద్దేశం రష్యన్లను లొంగదీయడమేనని. రోట్‌బ్లాట్ తర్వాత రాసిన సంగతి ఇది. అప్పుడు రష్యా మిత్రదేశం. తూర్పు యుద్ధరంగంలో జర్మన్లతో పోరాడుతూ రోజుకు వేలమంది రష్యన్లు ప్రాణాలు వదులుతున్న రోజులవి. ఆ మాట ఆయనకు గట్టిగా తగిలింది. మరోవైపు డెన్మార్క్ భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్ ఉదయం ఎనిమిది గంటలకు రోట్‌బ్లాట్ గదికి వచ్చేవారు, బీబీసీ వార్తలు అందుకునే రేడియో అక్కడ ఉండేది కాబట్టి. యుద్ధం ముగిశాక దేశాల మధ్య మొదలు కాబోయే ఆయుధ పోటీ గురించి బోర్ అప్పటికే బెంగపడుతున్నారు. ఆ ఏడాది చివర్లో చాడ్విక్ అసలు కబురు చెప్పారు. జర్మన్లు బాంబు ప్రయత్నం ఎప్పుడో మానుకున్నారని. రోట్‌బ్లాట్ వెంటనే, నన్ను వెళ్లనివ్వండి అని అడిగారు.

అది అంత తేలిగ్గా జరగలేదు. ఆయన రష్యా గూఢచారి అంటూ భద్రతాధికారులు ఒక ఫైలు సిద్ధం చేసి ఉంచారు. అందులోని ఆరోపణలు నిలబడవని ఆయన చూపించగలిగారు. అయినా ఒక షరతు పెట్టారు. ఎందుకు వెళ్తున్నారో తోటివాళ్లకు చెప్పకూడదు, భార్య గురించి బెంగగా ఉందని చెప్పాలి. అలాగే చెప్పి వచ్చేశారు. కాగితాలు, నోట్సు, ఉత్తరాలు అన్నీ సర్దుకున్న పెట్టె దారిలో రైల్లో మాయమైంది. మళ్లీ దొరకలేదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మనస్సాక్షి కోసం బయటికి రావడం అంటే అందరి ముందూ లేచి నిలబడి మాట్లాడి వచ్చేయడం అనుకుంటాం. ఆయనకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. అనుమానాలు మోస్తూ, నోరు కట్టుకుని వచ్చారు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. జర్మనీ భయం వల్లే వచ్చామని చెప్పినవాళ్లు లాస్ అలమోస్‌లో చాలామందే ఉన్నారు. 1945 మే 8న జర్మనీ లొంగిపోయింది. ఆ భయానికి ఇక చోటే లేదు. అయినా పని ఆగలేదు సరికదా, ఇంకా వేగంగా సాగింది. అక్కడ పనిచేసిన రాబర్ట్ విల్సన్ చాలా ఏళ్ల తర్వాత దీని గురించి బాధపడ్డారు. జర్మనీ ఓడాక ఆపేద్దామన్న ఆలోచనే తమకు తట్టలేదని, తాను అప్పుడే వెళ్లిపోయి ఉండాల్సిందని అన్నారు. విల్సన్ చెడ్డవాడు కాదు. బాంబు పర్యవసానాల గురించి అక్కడ సమావేశం పెట్టి మాట్లాడించిన మనిషి. యుద్ధం తర్వాత ఆయుధాల పని వైపు వెళ్లలేదు. అలాంటివారికి కూడా తట్టలేదంటే, పని ఊపులో పడ్డాక మనం ఏ కారణంతో వచ్చామో మర్చిపోవడం ఎంత సులువో చూడండి.

తోటివాళ్లు ఎందుకు అక్కడే ఉండిపోయారో రోట్‌బ్లాట్ 1985లో ఒక వ్యాసంలో రాశారు. కొందరికి, మన లెక్కలు నిజమవుతాయో లేదో చూడాలన్న ఆసక్తి. చర్చలన్నీ పరీక్ష అయ్యాక చూద్దాం అన్నది వాళ్ల మాట. కొందరు, జపాన్‌తో యుద్ధం త్వరగా ముగిస్తే మనవాళ్ల ప్రాణాలు దక్కుతాయి, ఆ తర్వాత ఇది మళ్లీ ఎవరూ వాడకుండా చూద్దాం అనుకున్నారు. ఇంకొందరు, ఇప్పుడు వెళ్లిపోతే రేపటి కెరీర్ దెబ్బతింటుందని భయపడ్డారు. ఎక్కువమందికి మాత్రం ఏ మథనమూ లేదు, నిర్ణయం పైవాళ్లది అని వదిలేశారు. ఈ మాటలు మీరు రేపు చేరబోయే చోట కూడా వినిపిస్తాయి. వాటిలో మొదటిది అన్నిటికన్నా బలమైనదని నా అభిప్రాయం. డబ్బు ఆశను మనిషి గుర్తుపట్టగలడు. మంచి సమస్య ముందు పెట్టుకుని కూర్చున్న ఆనందంలో తప్పు ఉండొచ్చని మాత్రం అనుమానించడు. న్యూట్రాన్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మీకు ఆ ఆనందం బాగా తెలుసు.

రోట్‌బ్లాట్ వేరుగా చేసింది ఒక్కటే. వచ్చిన కారణాన్ని దగ్గర పెట్టుకున్నారు. అది ఇంకా ఉందా లేదా అని చూసుకుంటూ ఉన్నారు. లేదని తెలిసిన రోజు వెళ్లిపోతానని అడిగారు. మనస్సాక్షి కారణంగా ఆ ప్రాజెక్టును మధ్యలో వదిలిన శాస్త్రవేత్తగా చరిత్ర చెప్పుకునేది ఆయన పేరొక్కటే.

ఇక "ఏం ఒరిగింది" అన్న మాట. హిరోషిమా వార్త వినే వరకూ, బాంబు పనిచేయదేమో, పనిచేసినా ఊళ్ల మీద వేయరేమో అన్న ఆశ ఆయనలో మిగిలే ఉంది. అది కూడా పోయాక తన ఫిజిక్స్‌ను వైద్యం వైపు తిప్పారు. 1949లో లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూ ఆస్పత్రి వైద్య కళాశాలకు వెళ్లి, రేడియేషన్ ప్రాణుల మీద ఏం చేస్తుందో పరిశోధించారు. బాంబు చేయడానికి పనికొచ్చే చదువే, బాంబు మనిషిని ఏం చేస్తుందో లెక్కకట్టడానికి పనికొచ్చింది. దాని ఫలితం ఐదేళ్లకే కనిపించింది.

1954 మార్చి 1న బికినీ దీవి దగ్గర అమెరికా ఒక హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. దాని శక్తి 15 మెగాటన్నులు, హిరోషిమా బాంబుకు సుమారు వెయ్యి రెట్లు. దూరంగా చేపలు పట్టుకుంటున్న ఒక జపాన్ పడవ మీద తెల్లటి బూడిద రాలింది. అందులోని 23 మందికీ రేడియేషన్ జబ్బు చేసింది. ఆ సెప్టెంబరులో వాళ్లలో ఒకరు, అయికిచి కుబొయామా, చనిపోయారు. బాంబు నిర్మాణం రహస్యం. ప్రమాదమేమీ పెద్దగా లేదన్నట్టే అధికారులు మాట్లాడుతున్నారు. జపాన్ శాస్త్రవేత్త యసుషి నిషివాకి ఆ బూడిదను పరీక్షించి సేకరించిన వివరాలను రోట్‌బ్లాట్‌కు చూపించారు. వాటిని బట్టి రోట్‌బ్లాట్ లెక్కవేశారు. ఇది మామూలు హైడ్రోజన్ బాంబు కాదు, సంలీనం (తేలికైన కేంద్రకాలు కలిసిపోవడం) తర్వాత బయటి యురేనియం పొర కూడా చీలుతోంది, విషధూళిలో ఎక్కువ భాగం అక్కణ్నుంచే వస్తోంది అని తేల్చారు. 1955లో దాన్ని బయటపెట్టారు. ఏ రహస్య పత్రమూ దొంగిలించలేదు. అందరి కళ్ల ముందూ ఉన్న అంకెల నుంచి తీశారు. అణు పరీక్షల మీద ప్రజల్లో వచ్చిన వ్యతిరేకతకు ఇలాంటి లెక్కలే ఆధారమయ్యాయి.

అదే ఏడాది జులై 9న లండన్‌లో, తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ రాసి, ఐన్‌స్టీన్ చనిపోవడానికి కొద్ది రోజుల ముందు సంతకం చేసిన ప్రకటనను లోకానికి వినిపించారు. సంతకం చేసిన 11 మందిలో అందరికన్నా చిన్నవారు రోట్‌బ్లాట్. ఆ పత్రికా సమావేశానికి అధ్యక్షత వహించిందీ ఆయనే. మనమంతా మనుషులమన్నది గుర్తుంచుకోండి, మిగిలినవన్నీ మర్చిపోండి అని కోరింది ఆ ప్రకటన. దాని కొనసాగింపుగా 1957 జులైలో కెనడాలో పగ్‌వాష్ అనే పల్లెలో 22 మంది శాస్త్రవేత్తలు కలిశారు. అమెరికా వాళ్లు, సోవియట్ వాళ్లు, జపాన్ వాళ్లు ఒకే బల్ల చుట్టూ. ఎవరూ తమ ప్రభుత్వం తరఫున రాలేదు, ఎవరికి వారుగా వచ్చారు. రెండు శిబిరాలు ఒకదాని ముఖం ఒకటి చూసుకోని ఆ రోజుల్లో, ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం కుదిరిన చోటు అది. 1963లో వాతావరణంలో అణు పరీక్షలను నిషేధించిన ఒప్పందానికీ, తర్వాత వచ్చిన మరికొన్ని ఒప్పందాలకూ అక్కడి చర్చలు దారి వేశాయి. 1973 వరకు రోట్‌బ్లాట్ ఆ సంస్థకు ప్రధాన కార్యదర్శి. 1995లో ఆయనకూ పగ్‌వాష్‌కూ కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు 87. వైద్యులు చేసే ప్రమాణం లాంటిది శాస్త్రవేత్తలకూ ఉండాలని ఆ వేదిక మీద అడిగారు. 2005లో చనిపోయే వరకు ఈ పని వదల్లేదు.

1944లో బయటికి రావడంతో ఏం ఒరిగిందని అడిగితే నేను ఈ యాభై అరవై ఏళ్లను చూపిస్తాను. ఒక రోజు మనశ్శాంతి కోసం చేసే పని కాదిది.

బయటికి వస్తేనే మంచి చేయగలమని మాత్రం నేను అనను. ఆండ్రీ సఖరోవ్ సోవియట్ హైడ్రోజన్ బాంబును తయారుచేసినవారిలో ముఖ్యుడు. తన పరీక్షల ధూళి వల్ల ప్రతి మెగాటన్నుకూ సుమారు పదివేల మంది మీద దెబ్బ పడుతుందని 1950ల చివర్లో స్వయంగా లెక్కకట్టి, పరీక్షలు ఆపమని లోపలి నుంచే పోరాడారు. 1968లో తన అభిప్రాయాలు విదేశాల్లో అచ్చయ్యాక రహస్య పనుల నుంచి తప్పించారు. 1980 నుంచి 1986 వరకు గోర్కీ నగరంలో నిర్బంధంలో ఉన్నారు. లాస్ అలమోస్‌లో సిద్ధాంత విభాగానికి అధిపతిగా ఉన్న హాన్స్ బేతే, 1995లో, కొత్త అణ్వాయుధాల పని ఏ దేశంలోనూ ఏ శాస్త్రవేత్తా చేయవద్దని పిలుపునిచ్చారు. వీళ్లూ పెద్దమనుషులే. కానీ సఖరోవ్‌కు పట్టిన కాలం చూడండి. లోపల ఉండి మార్చుదాం అనుకునేవాళ్లు ఆ కాలాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ఆ లోపు చేసిన బాంబులు ఎక్కడికీ పోవు.

అసలు మొదటే వద్దన్న వాళ్లు కూడా ఉన్నారు. లీజ్ మైట్నర్ యూదు వంశంలో పుట్టినందుకు 1938లో జర్మనీ నుంచి ప్రాణాలతో తప్పించుకుని వెళ్లాల్సి వచ్చింది. హిట్లర్ మీద కోపం ఉండటానికి ఆమెకు ఉన్నన్ని కారణాలు ఎవరికి ఉంటాయి? బాంబు పనికి పిలుపు వస్తే, నాకు బాంబుతో ఏ సంబంధమూ వద్దు అన్నారు. 1957 ఏప్రిల్‌లో పశ్చిమ జర్మనీలో ఓటో హాన్, మాక్స్ బోర్న్, హైజెన్‌బర్గ్‌తో సహా 18 మంది శాస్త్రవేత్తలు, అణ్వాయుధాల తయారీలో గానీ పరీక్షలో గానీ ప్రయోగంలో గానీ మేము పాలుపంచుకోమని బహిరంగంగా ప్రకటించారు. శాంతియుతమైన అణుశక్తికి సాయం చేస్తామనీ చెప్పారు. ఆ దేశం సొంత అణ్వాయుధాలు తయారుచేసుకోలేదు. ఆ ప్రకటన ఒక్కదానివల్లే అని చెప్పను, రాజకీయ కారణాలు చాలా ఉన్నాయి. కానీ "నువ్వు కాకపోతే ఇంకొకరు" అన్న మాట మీద ఆధారపడ్డ ప్రభుత్వానికి, ఆ ఇంకొకరూ రామంటే ఏం జరుగుతుందో వాళ్లు చూపించారు.

మీ గైడ్ మాట గురించి ఇంకొక్క సంగతి. మీ థీసిస్‌లోని ఫలితం కూడా మీరు కాకపోతే కొన్నేళ్లకు ఇంకెవరో కనిపెట్టేవాళ్లే. అయినా దాని మీద మీ పేరే వేశారు, మీరే చేశారని మెచ్చుకున్నారు. మంచి పని మీదైనప్పుడు ఈ ఆయుధాల పనీ మీదే అవుతుంది. లెక్కలకు పాపం పుణ్యం లేకపోవచ్చు, లెక్క చేసే మనిషికి ఉంటాయి.

నాన్నగారి మాట వేరు, దాన్ని గౌరవంగా తీసుకోవాలి. అణ్వాయుధాల వల్లే పెద్ద దేశాల మధ్య యుద్ధం రాలేదని నిజాయితీగా నమ్మేవాళ్లు ఉన్నారు, వాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు. నేను ఆ వాదనను ఒప్పుకోను. 1983 సెప్టెంబరు 26న సోవియట్ హెచ్చరిక వ్యవస్థ, అమెరికా నుంచి ఐదు క్షిపణులు వస్తున్నాయని చూపించింది. డ్యూటీలో ఉన్న స్తానిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి, ఇది యంత్రం పొరపాటు అయ్యుంటుందని భావించి పైకి అలాగే చెప్పారు. ఆయన అనుకున్నదే నిజం. మేఘాల మీద పడిన సూర్యకాంతిని ఉపగ్రహం తప్పుగా చదివింది. ఆ రాత్రి ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఒక మనిషి సరిగ్గా ఊహించడం మీద ఆధారపడిన దాన్ని నేను రక్షణ అని పిలవలేను. 1980ల మధ్యలో సుమారు 70,000 ఉన్న అణు వార్‌హెడ్లు (క్షిపణులకు, విమానాలకు అమర్చే బాంబులు) ఇప్పుడు సుమారు 12,000కు తగ్గాయి. భయం వల్ల తగ్గలేదు. ఒప్పందాలు, తనిఖీలు, వాటి కోసం ఏళ్ల తరబడి పనిచేసిన మనుషుల వల్ల తగ్గాయి. ఆ మనుషుల్లో ఫిజిక్స్ చదివినవాళ్లు చాలామంది.

దేశం మాటకొస్తే, రోట్‌బ్లాట్ రహస్యాలు ఎవరికీ ఇవ్వలేదు. 1946లో బ్రిటిష్ పౌరుడయ్యారు, ఆ దేశపు వైద్య కళాశాలలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. ఆ దేశమే 1998లో ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది.

ఇక మీ సంగతి. మీరు చెప్పిన ఉద్యోగంలో చేరవద్దని ఒక్క మాటలో అనేయలేను, ఎందుకంటే అది ఏ పనో మీకే ఇంకా స్పష్టంగా తెలియదు. రియాక్టర్ భద్రత లెక్కలు వేయడం ఒకటి, వార్‌హెడ్ డిజైన్‌కు లెక్కలు వేయడం ఇంకొకటి. ఆఫర్‌కు జవాబిచ్చే ముందు, నన్ను ఏ గ్రూపులో వేస్తారు, గ్రూపు మార్చే అధికారం ఎవరిది, నేను వద్దంటే ఏమవుతుంది అని అడగండి. చెప్పగలిగినంతే చెప్తారు. ఏం చెప్పలేమన్నారో అది కూడా సమాచారమే. రహస్య ఒప్పందం మీద సంతకం పెడితే ఉద్యోగం మానేసినా అది వదలదు. ఎందుకు మానేశానో బయట చెప్పలేని రోజు రావచ్చు. ఆ కాగితాన్ని ఒక లాయరు చేత చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

ఆయుధాల పనే అని తేలితే, నన్ను అడిగారు కాబట్టి చెప్తున్నాను, వద్దనండి. మీ చదువుకు వేరే దారులు నిజంగా ఉన్నాయి. అణు పరీక్షల నిషేధ ఒప్పందం 1996లో సంతకాలకు వచ్చింది, ఇంకా అమల్లోకి రాలేదు. అయినా దాని కోసం ప్రపంచమంతటా 337 కేంద్రాల పర్యవేక్షణ వ్యవస్థను తలపెట్టారు, అందులో ఎక్కువ భాగం ఇప్పటికే పనిచేస్తోంది. భూమి కంపనాలు, సముద్రంలో శబ్దం, గాలిలో చెవికి అందని తరంగాలు, రేడియోధార్మిక కణాలు, అన్నిటినీ వింటూ ఉంటుంది. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు, అణుపదార్థం దారి తప్పకుండా చూసే తనిఖీదారులు కావాలి. న్యూట్రాన్లు లెక్కపెట్టి ప్లుటోనియం ఎంత ఉందో చెప్పడం వాళ్ల రోజువారీ పని. వార్‌హెడ్ రహస్యం బయటపడకుండా అది అసలైన వార్‌హెడ్డో కాదో ఎలా తేల్చాలన్నది మీ రంగంలో ఇంకా పూర్తిగా తెగని సమస్య, చాలా అందమైన సమస్య కూడా. క్యాన్సర్‌కు న్యూట్రాన్లతో చేసే చికిత్స ఉంది. పదార్థాల లోపలి నిర్మాణాన్ని న్యూట్రాన్లతో చూసే పెద్ద కేంద్రాలు ఉన్నాయి.

చేరాల్సి వస్తే మాత్రం చేరేముందే ఒక కాగితం మీద మీ చేత్తో రాయండి, నేను ఎందుకు చేరుతున్నాను, ఏం జరిగితే మానేస్తాను అని. తేదీ వేయండి. ఇంట్లో భద్రంగా పెట్టి, ఏడాదికోసారి తీసి చదవండి. రాసిన కారణం పోయి, దాని స్థానంలో ఇంకొకటి వచ్చి కూర్చుందేమో అప్పుడు తెలుస్తుంది.

డబ్బు అవసరం గురించి సిగ్గుపడకండి. రోట్‌బ్లాట్‌కు తిరిగి వెళ్లడానికి లివర్‌పూల్‌లో ఉద్యోగం ఉంది, అండగా చాడ్విక్ ఉన్నారు. మీ పరిస్థితి వేరు. ఇంకో ఉద్యోగం చేతికి వచ్చే వరకు కొన్నాళ్లు రియాక్టర్ పక్క పనిచేస్తే అందులో నాకు తప్పేమీ కనిపించదు. దరఖాస్తులు మాత్రం ఇప్పటి నుంచే పెట్టండి, చేరాక పెడదామంటే వాయిదా పడుతుంది. ఆఫర్ గడువు పెంచమని ఈ వారమే రాయండి, సాధారణంగా ఇస్తారు.

నాన్నగారితో నిర్ణయం అయిపోయాక కాదు, ఇప్పుడే మాట్లాడండి. అణ్వాయుధాల మంచిచెడుల మీద వాదనతో మొదలుపెట్టకండి. తోలా సంగతి, ఆ భోజనాల దగ్గర మాట సంగతి, పడవ మీద రాలిన బూడిద సంగతి చెప్పండి. తర్వాత మీరు చేయాలనుకుంటున్న పని ఏమిటో, దానికి జీతం ఎంత వస్తుందో, తమ్ముడి చదువుకు నెలకు ఎంత పంపగలరో లెక్కతో సహా ఆయన ముందు పెట్టండి. ఆయన అందరికీ చెప్పుకున్న మాటను వెనక్కి తీసుకోవాల్సి వస్తుందన్న ఇబ్బంది ఆయనకు ఉంటుంది. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు కూడా. దాన్ని కోపంగా తీసుకోకుండా, తేరుకోవడానికి ఆయనకు కొంచెం సమయం ఇవ్వండి.